వానకి ఆగిపోయిన ఆట

జాస్ సగ్డెన్, మార్నీ ఇలింగ్‌వర్త్ మొట్టమొదట మాట్లాడుకున్నది సాక్సుల గురించి. ప్రేమకథకి ఇంతకంటే చప్పటి మొదలు ఇంకోటి ఉండదు. కానీ జరిగింది అదే కాబట్టి అదే చెప్పాలి.

సెప్టెంబరులో ఓ మంగళవారం ఫోన్ మోగింది.

"స్కెల్‌బెక్ టౌన్ క్లబ్ సెక్రటరీ గారేనా? నేను రావెన్‌లీ సెక్రటరీని. శనివారం మీ గ్రౌండ్‌కి వస్తున్నాం కదా. మా వాళ్ళవి నేవీ రంగు సాక్సులు."

"మా వాళ్ళవి నీలం," అంది మార్నీ. "రంగు కలిస్తే వచ్చేవాళ్ళే మార్చుకోవాలి. రూలు."

"నీలం వేరండీ, నేవీ వేరు."

"పావుగంట బురదలో ఆడాక రెండూ ఒకటే. తెల్లవి తెచ్చుకోండి."

"మాకు తెల్లవి లేవే."

"అయితే సాక్సులు లేకుండా రండి. మీ ఆటకి పెద్ద తేడా ఏం రాదు."

అవతల్నుంచి నవ్వు వినిపించింది. రావెన్‌లీ వాళ్ళు నవ్వగలరని మార్నీకి అప్పటిదాకా తెలీదు.

స్కెల్‌బెక్‌కీ రావెన్‌లీకీ మధ్య దూరం ఆరు మైళ్ళు, అడ్డంగా ఒక కొండ. యార్క్‌షైర్‌లో ఆ రెండు ఊళ్ళ వాళ్ళనీ ఒకే బల్ల దగ్గర కూచోబెట్టాలంటే పెళ్ళయినా అవ్వాలి, చావైనా అవ్వాలి. ఎందుకంత పగ అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. 1953లో ఒక పెనాల్టీ అంటారు, కాదు దానికి ముందు ఒక పెళ్ళికూతురు అంటారు.

ఇంగ్లండులో ఫుట్‌బాల్ లీగులంటే మెట్లు. పైమెట్టు మీద ఆడేవాళ్ళు లోకమంతటికీ టీవీలో కనిపిస్తారు. తొమ్మిదో మెట్టు మీద ఆడేవాళ్ళు వాళ్ళ అమ్మలకి కనిపిస్తారు. మన రెండు క్లబ్బులూ ఉన్నది ఆ తొమ్మిదో మెట్టు చుట్టుపక్కలే. ఏటా గెలిచినవాళ్ళు ఒక మెట్టు ఎక్కుతారు, ఓడినవాళ్ళు ఒక మెట్టు దిగుతారు. పదకొండేళ్ళుగా అదేం ఖర్మో గానీ, వీళ్ళు ఎక్కిన ఏడాది వాళ్ళు దిగేవారు, వాళ్ళు ఎక్కిన ఏడాది వీళ్ళు దిగేవారు. ఎదురుపడి కొట్టుకునే భాగ్యం లేక రెండు ఊళ్ళూ దూరం నుంచే తిట్టుకుంటూ బతికాయి. ఈ ఏడాది ఇద్దరూ ఒకే మెట్టు మీద తేలారు.

మార్నీకి ఇరవై ఏడు. పగలు పశువుల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని. సాయంత్రాలూ శనివారాలూ క్లబ్ సెక్రటరీ. అంటే ఆటగాళ్ళ పేర్లు రిజిస్టరు చేయించడం, రిఫరీకి దారి చెప్పడం, లీగ్ వాళ్ళ ఉత్తరాలకి జవాబులివ్వడం. జీతం లేదు, తిట్లు మాత్రం వేళకి అందుతాయి. క్లబ్ ఛైర్మన్ ఆమె తాత విల్ఫ్. ఎనభై ఒకటి దాటాయి. నలభై ఏళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నాడు, ఇంకొకరు కూచుంటానంటే ఇచ్చేసేవాడే.

ఆ శనివారం రావెన్‌లీ వాళ్ళు నారింజ రంగు సాక్సులతో దిగారు.

"ఇవెక్కడివి?" అంది మార్నీ, టీమ్ షీట్ తీసుకుంటూ.

"మా ఊరి బళ్ళో హాకీ ఆడే ఆడపిల్లలవి. ఉతికి ఇస్తామని ఒట్టేసి తెచ్చా," అన్నాడు జాస్.

పొడుగ్గా, ఎర్రటి చెవులతో, వేళ్ళ నిండా సిరా మరకలతో ఉన్నాడు. ఊళ్ళో బాయిలర్లు బాగుచేస్తాడట. మార్నీ నవ్వకూడదనుకుంది. నవ్వేసింది. ఆట రెండు రెండుతో సమానం అయింది. ఆ హాకీ సాక్సుల గురించి స్కెల్‌బెక్ వాళ్ళు నెల్లాళ్ళు పాడుకున్నారు.

తర్వాత అతను ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాడు. ఫలానా రిఫరీ ఎలాంటివాడు? ఫలానా ఊళ్ళో బస్సు ఎక్కడ ఆపాలి? ఫలానా ఫారం రెండు కాపీలా, మూడా? పదేళ్ళుగా సెక్రటరీ పని చేస్తున్నవాడికి ఇవి తెలీకపోవడమేంటని మార్నీకి అనుమానం వచ్చింది. అడగలేదు. అడిగితే ఫోన్లు ఆగిపోతాయని భయం.

ఆరు మైళ్ళే కదా, ఒక సాయంత్రం కలిసి భోంచేద్దామా అంటే పోయేదానికి ఇద్దరూ ఆర్నెల్లు ఫారాల గురించే మాట్లాడుకున్నారు. పైగా ఊరేమంటుందోనని గుబులు.

మార్చిలో రెండో ఆటకి స్కెల్‌బెక్ వాళ్ళు రావెన్‌లీ వెళ్ళారు. జాస్ ఆఫీసంటే గ్రౌండు మూల ఒక రేకుల గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, కప్పు కారే చోట ఒక బకెట్టు.

టీమ్ షీట్ చూసి మార్నీ అడిగింది. "మీ గోల్ మిషన్ క్రౌదర్ ఏడీ?"

"రెడ్ కార్డు. మూడు ఆటలు బయట కూచోమన్నారు. రెండయ్యాయి, ఇది మూడోది. వచ్చే శనివారం దిగుతాడు, కాచుకోండి."

"వచ్చే శనివారం మీతో ఆడేది మేం కాదుగా. కాచుకునేదేదో వాళ్ళనే కాచుకోమను."

ఆట మొదలైన పావుగంటకి కొండ మీంచి వాన దిగింది. మామూలు వాన కాదు. బంతి తంతే రెండడుగులు వెళ్ళి చెరువులో బాతులా ఆగిపోతోంది. ముప్పై ఎనిమిదో నిమిషంలో రిఫరీ బంతిని చేత్తో పట్టుకుని, ఇక మన వల్ల కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, ఆట రద్దు చేశాడు.

స్కెల్‌బెక్ ఆటగాళ్ళ బస్సు వరద నీళ్ళలో ఇరుక్కుని గంటన్నర దాకా రాలేదు. ఆ గంటన్నర మార్నీ రేకుల గదిలోనే ఉంది. జాస్ వాళ్ళమ్మ నోరీన్ ఆ గ్రౌండులో టీ కొట్టు నడుపుతుంది. ఆవిడ మాంసం కూరి కాల్చిన వేడివేడి రొట్టె, వాళ్ళు 'పై' అంటారు, ఒకటే పంపింది. "శత్రువులకి ఇచ్చేది లేదు, నువ్వు తిను" అని కబురు కూడా పంపింది. జాస్ దాన్ని సగం చేసి పెద్ద సగం మార్నీకిచ్చాడు.

"మా అమ్మకి చెప్పకు," అన్నాడు. ఎప్పుడు మారాడో గానీ 'నువ్వు'లోకి మారిపోయాడు.

"చెప్తే ఏం చేస్తుంది?"

"నన్ను మీ ఊరు పంపేస్తుంది."

"మా ఊరొచ్చి ఏం చేస్తావ్?"

జాస్ చెవులు ఇంకా ఎర్రబడ్డాయి. రేకుల మీద వాన చప్పుడికి ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినాలంటే దగ్గరికి జరగాల్సి వచ్చింది. వాళ్ళ నాన్న పోయాక అమ్మ టీ కొట్టులోంచి ఇంటికి రావడానికే ఇష్టపడేది కాదని చెప్పాడు. ఈ సెక్రటరీ పని తను తీసుకున్నది ఆటమీద ప్రేమతో కాదు, శనివారాలు తాతయ్య పక్కన ఉండొచ్చనే అని మార్నీ చెప్పింది. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

"మార్నీ," అన్నాడు జాస్. "నేను ఆ ఫారాలు రెండు కాపీలా మూడా అని అడిగానే, అవి నాకు..."

బయట బస్సు హారన్ మోగింది. అతను అక్కడే ఆగిపోయాడు. ఆమె కోటు వేసుకుని వెళ్ళిపోయింది. దారంతా ఆ బస్సు డ్రైవరుని మనసులో తిట్టుకుంటూనే ఉంది.

ఆగిన ఆటని మధ్యలో ఓ సాయంత్రం మళ్ళీ ఆడారు, పశువుల డాక్టరు దగ్గర పని తెమలక మార్నీ ఆ రోజు వెళ్ళలేకపోయింది. ఏప్రిల్ ఆఖరి శనివారానికి లెక్క తేలిపోయింది. ఆ డివిజన్‌లో కింది మూడు జట్లు మెట్టు దిగాలి. ముప్పై ఎనిమిది పాయింట్లతో స్కెల్‌బెక్ కింది నుంచి మూడోది. నలభై పాయింట్లతో రావెన్‌లీ దానికి సరిగ్గా పైన.

అందరూ వెళ్ళిపోయాక విల్ఫ్ ఖాళీ స్టాండులో కూచుని ఉన్నాడు. మార్నీ వెళ్ళి పక్కన కూచుంది.

"ఈసారి దిగితే మన మంచి కుర్రాళ్ళు ఎవరూ ఉండరు తల్లీ," అన్నాడు. "జెర్సీల మీద పేరు వేయించుకునే ఆ టైల్స్ కంపెనీ కూడా పోతానంది. కమిటీలో ఉన్నది ఐదుగురం, అందులో ముగ్గురికి మోకాళ్ళు లేవు. వచ్చే వేసవి దాకా గేటు తెరిచి ఉంటుందో లేదో నాకే తెలీదు."

"ఉంటుంది తాతయ్యా."

"నువ్వు అబద్ధం చెప్పినప్పుడు అచ్చం మీ అమ్మమ్మలా ఉంటావ్."

మర్నాడు ఆదివారం. లీగ్‌కి పంపాల్సిన ఏడాది నివేదిక రాయడానికి కూచుంది మార్నీ. ఆడినవి, ఆగినవి, మళ్ళీ ఆడినవి తేదీలవారీగా రాసుకుంటూ మార్చి దగ్గరికొచ్చింది. 'రావెన్‌లీ, వాన, 38వ నిమిషం, రద్దు' అని రాసింది. రాసి పెన్ను అలాగే పట్టుకుని కూచుండిపోయింది.

రద్దయిన ఆట శిక్ష లెక్కలోకి రాదు. పూర్తిగా ఆడిన ఆటే లెక్క. అంటే క్రౌదర్ బయట కూచున్నది రెండు ఆటలే. మూడోది ఇంకా బాకీ ఉంది.

లీగ్ వెబ్‌సైటు తెరిచింది. ఆ తర్వాతి శనివారం రావెన్‌లీ ఒకటి సున్నాతో గెలిచింది. గోలు కొట్టింది క్రౌదర్. అదే ఆటలో అతని మోకాలు మెలిపడింది, మళ్ళీ ఆ ఏడాది దిగనేలేదు. అందుకే ఎవరి కంటా పడలేదు. ఆడకూడని ఆటగాణ్ణి ఆడిస్తే ఆ గెలుపు చెల్లదు, మూడు పాయింట్లూ పోతాయి. నలభైలో మూడు తీస్తే ముప్పై ఏడు.

అంటే దిగాల్సింది స్కెల్‌బెక్ కాదు.

ఒక్క మెయిల్ చాలు, తాతయ్య గేటు తెరిచి ఉంటుంది. ఆ ఒక్క మెయిల్‌తో జాస్ బతుకు ఆ ఊళ్ళో బస్టాండవుతుంది. పైగా క్రౌదర్ సంగతి తనకి చెప్పింది ఎవరు? అతనే. నమ్మి, నవ్వుతూ చెప్పాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్న మాట మార్నీకి అప్పటిదాకా మాటగానే తెలుసు.

చెప్పకుండా ఊరుకుంటే? రోజూ పొద్దున్నే తాతయ్య మొహం చూస్తూ ఊరుకోవాలి. జాస్‌తో ఎప్పుడు నవ్వినా ఇది కడుపులో ఉంచుకునే నవ్వాలి. ఆమె ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. బుధవారం లీగ్ కమిటీ పట్టికకి ముద్ర వేస్తుంది, ఆ తర్వాత ఎవరేం చెప్పినా మారదు.

సోమవారం సెలవు పెట్టి, కారు తీసి, కొండ దాటింది.

జాస్ గ్రౌండులో గడ్డి విత్తనాలు చల్లుతున్నాడు. ఆమెని చూడగానే మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి మార్నీకి వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలనిపించింది.

"క్రౌదర్ మూడో ఆట కూచోలేదు జాస్," అంది. ముందే ఆలోచించి పెట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"కూచున్నాడుగా. మీతో ఆడిన..." అని ఆగాడు.

చేతిలో గింజలు అలాగే ఉన్నాయి. చాలాసేపు ఆమె మొహం చూడలేదు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు. బుధవారం దాకా టైముంది. నువ్వు చెప్తే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుంది, మీ క్లబ్‌కి జరిమానా తగ్గుతుంది. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. దాచి పెట్టుకోలేను, మా తాతయ్య ఉన్నాడు. నీ వెనకాల చెయ్యడం ఇష్టం లేక వచ్చాను."

"పదేళ్ళలో ఒక్క ఫారం తప్పు రాయలేదు మార్నీ."

"తెలుసు."

"ఆట రద్దయినట్టు రిపోర్టు రాసింది నేనే. ఆ రూలు నాకు కంఠతా వచ్చు. అయినా పుస్తకంలో మూడో ఆట దగ్గర టిక్కు పెట్టేశా. ఎందుకు పెట్టానో ఇప్పుడు తెలుస్తోంది." ఈసారి ఆమె వైపు చూశాడు. "ఆ రోజు ఆట జరగలేదని నాకు అనిపించనేలేదు. ఈ ఏడాది మొత్తంలో నాకంటూ ఏదైనా జరిగిన రోజు అదొక్కటే."

చెప్పాల్సిన జవాబు మార్నీ నాలుక మీదే ఉంది. చెప్పలేదు.

జాస్ రేకుల గదిలోకి నడిచాడు. ఆమె గుమ్మం దగ్గర నిలబడింది. నాలుగు వాక్యాల మెయిల్ రాయడానికి అతనికి ఇరవై నిమిషాలు పట్టింది. పంపేశాక కంప్యూటరు మూసి, "ఇక వెళ్ళు. మా వాళ్ళు చూస్తే నువ్వే రాయించావంటారు," అన్నాడు.

బుధవారం రావెన్‌లీకి మూడు పాయింట్లు కోశారు. స్కెల్‌బెక్ నిలిచింది, రావెన్‌లీ పదో మెట్టుకి దిగింది. స్కెల్‌బెక్‌లో జనం పబ్బులోంచి వీధిలోకొచ్చి పాడారు. మార్నీ వెళ్ళలేదు.

జరిగింది విల్ఫ్‌కి చెప్పింది. ఆయన అంతా విని, గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఆ అబ్బాయిని ఇప్పుడు వాళ్ళు ఏం చేస్తారో," అన్నాడు.

ఏం చేశారంటే, తీసేద్దామని కమిటీ అంతా ఏకగ్రీవంగా ఒప్పుకుంది. మరి ఆ పని ఎవరు చేస్తారని అడిగితే అందరూ తమ టీ కప్పుల్లోకి చూసుకున్నారు. దాంతో జాసే మిగిలాడు. కానీ పబ్బులో అతని బల్ల దగ్గరికి ఎవరూ రావడం లేదనీ, కొంతమంది బాయిలరు చెడినా పక్క ఊరి మనిషిని పిలుస్తున్నారనీ కొండ దాటి కబుర్లొచ్చాయి. స్కెల్‌బెక్ పిల్లకి మనసిచ్చి ఊరిని ముంచాడనే మాట కూడా వచ్చింది.

మే పోయింది, జూన్ పోయింది, జూలై పోయింది. ఫోన్ మోగలేదు. వచ్చే ఏడాది రెండు జట్ల మధ్యా ఆట లేదు, అడగడానికి ఫారాలూ లేవు. మార్నీ మూడుసార్లు మెసేజ్ రాసి మూడుసార్లూ చెరిపేసింది. అతని క్లబ్‌ని కిందికి తోసిన మనిషి ఏ మొహం పెట్టుకుని 'ఎలా ఉన్నావ్' అని అడుగుతుంది?

ఆగస్టు ఆఖర్న సోమవారం సెలవు. రావెన్‌లీకి సొంత గ్రౌండులో ఆ ఏడాది మొదటి ఆట. స్కెల్‌బెక్‌కి ఆ రోజు ఆట లేదు.

"వెళ్ళాలనుంటే వెళ్ళు," అన్నాడు విల్ఫ్ పేపర్లోంచి తలెత్తకుండా.

"ఎక్కడికి?"

"నేను ముసలాణ్ణే అమ్మాయ్, గుడ్డివాణ్ణి కాదు. నాలుగు నెలలుగా ఆ ఫోన్‌ని నువ్వు చూసిన చూపు మీ అమ్మమ్మ నన్ను చూసుంటే నేను రాజునయ్యేవాణ్ణి."

గేటు దగ్గర టికెట్ కొనేటప్పుడే గుర్తుపట్టేశారు. "ఆవిడే," అన్నారెవరో. ఆమె చుట్టూ ఆరడుగుల జాగా ఖాళీ అయింది. జాస్ ఎక్కడో మైకులో ఆటగాళ్ళ పేర్లు చదువుతున్నాడు, గొంతు వినిపిస్తోంది గానీ మనిషి కనబడలేదు. నిలబడ్డానికి చోటు తెలీక, కాళ్ళు తీసుకెళ్ళిన చోటికే వెళ్ళింది. అది టీ కొట్టు.

నోరీన్ పొట్టి మనిషి. ఆవిడ చూపు మాత్రం పొట్టిది కాదు.

"నువ్వేనా?" అంది.

"నేనేనండీ."

"మా అబ్బాయి ఈ వేసవంతా సగం కంచమే తిన్నాడు, తెలుసా?"

"తెలీదండీ. నేనూ అంతే."

నోరీన్ ఆమెని పైనుంచి కింది దాకా చూసింది. "లీగ్‌కి నువ్వే రాసేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఇంత దూరం వచ్చి, వాడి మొహం మీద చెప్పి, వాడి తప్పు వాడే ఒప్పుకునేలా చేశావ్. వాడు నాకన్నీ చెప్పాడులే. ఊళ్ళో వాళ్ళకి అది అర్థం కాదు. నాకవుతుంది." పక్కనున్న ఏప్రన్ తీసి ఆమె మీదికి విసిరింది. "చేతులు ఖాళీగానే ఉన్నాయిగా. లోపలికి రా. టీలు నువ్వు పొయ్, పైలు నేను చూసుకుంటా."

రావెన్‌లీ గ్రౌండులో ఆ కౌంటరు వెనక్కి బయటి ఊరి మనిషి రావడం అదే మొదలు. ముందు నిలబడ్డ పెర్సీ అనే పెద్దాయన గుడ్లప్పగించాడు.

"ఈ పిల్ల చేత్తో పోసిన టీ నేను తాగాలా నోరీన్?"

"తాగకపోతే ఇంటికెళ్ళి పెట్టించుకో. మీ ఆవిడ పెట్టే టీ సంగతి నాకు తెలుసు."

పెర్సీ టీ తీసుకున్నాడు. ఒక గుక్క తాగి, ఏమీ అనకుండా పక్కకి జరిగాడు. ఆ వెనకాల వాళ్ళూ తీసుకున్నారు. కొందరు మొహం తిప్పుకునే తీసుకున్నారు, అయినా తీసుకున్నారు.

హాఫ్ టైములో జాస్ వచ్చాడు. వరసలో తన వంతు దాకా తలొంచుకునే నిలబడ్డాడు. తలెత్తి చూసి, డబ్బులు పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉంచేశాడు.

"ఏం కావాలి?" అంది మార్నీ.

"ఎప్పుడొచ్చావ్?"

"ఇందాకే. నా మీద కోపం పోయిందా, లేదా?"

"కోపమా?" జాస్ చెవులు ఎర్రబడిపోయాయి. వెనక ఇరవై మంది వింటున్నారని మర్చిపోయాడు. "నీ మీద నాకు కోపమెందుకు? నువ్వు ఆ రోజు మీ క్లబ్ కోసమే వచ్చావనుకున్నా. పని అయిపోయింది, ఇక నాతో ఏం పని అని నాలుగు నెలలు చచ్చా."

"క్లబ్ కోసమైతే మెయిల్ పంపి ఇంట్లో కూచునేదాన్ని. కొండ దాటి వచ్చింది నీకోసం." మార్నీ కెటిల్ కింద పెట్టింది. "నువ్వంటే నాకు ఇష్టం జాస్. ఆ మాట అప్పుడే చెప్పాలనుకున్నా. అప్పుడు చెప్తే నీచేత మెయిల్ పంపించడానికి ఇచ్చిన లంచంలా ఉండేది. అందుకని మింగేశాను."

వరసలో ఎవరూ కదల్లేదు. పెర్సీ అయితే మళ్ళీ వెనక్కి వచ్చి మరీ వింటున్నాడు.

"నాకు సెప్టెంబరు నుంచీ ఇష్టం," అన్నాడు జాస్.

నోరీన్ పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి కూడా తిరగలేదు.

"ముందు వాడికి టీ ఇవ్వమ్మా," అంది. "రెండు చెంచాల పంచదార, పాలు తక్కువ. ఇక మీదట అది గుర్తుపెట్టుకోవాల్సింది నువ్వే."